మేరీ కాల్కిన్స్ వద్దన్న పట్టా

అమ్ములూ,

నిన్న రాత్రి ఫోన్లో ఏడుపు దిగమింగుకుంటూ మాట్లాడావు. రెండేళ్లు పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్షలు చేసింది నువ్వు, లెక్కలు కట్టింది నువ్వు. తీరా పేపరు అచ్చయ్యేసరికి నీ పేరు చివర కృతజ్ఞతల్లో ఒక మూలకు చేరింది. "సర్దుకుపొమ్మంటావా అమ్మా?" అని అడిగావు. నాకు నోట మాట రాలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను.

మీ సైకాలజీలోనే మేరీ విటన్ కాల్కిన్స్ అని ఒకావిడ ఉంది. నేను బీఈడీ చదివేటప్పుడు మాటల్ని జంటలుగా కలిపి నేర్పే పద్ధతి గురించి చెప్పారు గానీ, దాన్ని కనిపెట్టింది ఆవిడని ఎవరూ చెప్పలేదు. అట్టముక్కకి ఒకవైపు ఇంగ్లీషు మాట, వెనకవైపు తెలుగు అర్థం రాసి ఆరో తరగతి పిల్లలకు ఎన్నేళ్లు చూపించానో నీకు తెలుసు. రిటైరయ్యాక చదువుకుంటుంటే ఆ అట్టముక్కల వెనక ఈవిడ కనిపించింది.

1863లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. తండ్రి పాస్టర్. స్మిత్ కాలేజీలో చదివి, 1887లో వెల్స్‌లీ అనే ఆడపిల్లల కాలేజీలో గ్రీకు చెప్పడానికి చేరింది. అక్కడ కొత్తగా సైకాలజీ మొదలుపెట్టాలనుకుని, ఒక ఏడాది చదువుకుని వచ్చి చెప్పమన్నారు. చదవాలంటే దగ్గర్లో ఉన్నది హార్వర్డ్. అక్కడ ఆడవాళ్లను చేర్చుకోరు. వాళ్ల నాన్న అర్జీ పెట్టాడు, కాలేజీ తరఫునా ఉత్తరం వెళ్లింది. 1890లో క్లాసులో కూర్చోవచ్చన్నారు గానీ, విద్యార్థినిగా పేరు మాత్రం నమోదు చేయబోమన్నారు. అక్కడ సైకాలజీ చెప్పే విలియం జేమ్స్ క్లాసులో ఉన్న నలుగురైదుగురు మగపిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి లైబ్రరీలో నెగడుకి చెరోవైపు జేమ్స్, ఆవిడ మిగిలారు. అప్పుడే అచ్చయి వచ్చిన ఆయన పుస్తకమే వాళ్ల పాఠం. ఆ రెండు కుర్చీలు నాకు చాలాసార్లు కళ్లముందు మెదులుతాయి.

1891లో వెల్స్‌లీలో ఆవిడ ప్రయోగశాల పెట్టింది. అమెరికాలో ఆడపిల్లల కాలేజీలో పెట్టిన మొదటి సైకాలజీ ప్రయోగశాల అదే. క్లార్క్ యూనివర్సిటీలో ఉన్న శాన్‌ఫర్డ్‌తో కలిసి కలల మీద పని చేసింది. మంచం పక్కనే కాగితం, పెన్సిలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. అలారం మోగితే లేచి రాయాలి. అగ్గిపుల్ల గీసే లోపే కల చెదిరిపోయేదట. అయినా తనవి 205 కలలు రాసిపెట్టింది. చూస్తే చాలావరకు ఆ రోజుల్లో కలిసిన మనుషులు, తిరిగిన చోట్లే. తర్వాత ఫ్రాయిడ్ కూడా ఆ పని గురించి రాశాడు.

ఆ తర్వాత మున్‌స్టర్‌బర్గ్ అనే ఆచార్యుడి దగ్గర హార్వర్డ్‌లోనే జ్ఞాపకం మీద పరిశోధన. ఒక రంగు చూపించి, వెంటనే ఒక అంకె చూపిస్తుంది. వరసంతా అయ్యాక రంగులు కలిపేసి మళ్లీ చూపించి, దీనితో వచ్చిన అంకె ఏదో రాయమంటుంది. విడ్డూరంగా కనబడ్డదీ గుర్తుంటుంది, చివర చూసిందీ గుర్తుంటుంది. అన్నిటికంటే గట్టిగా నిలిచేది మాత్రం పదేపదే చూసిందే. మా ఆరో తరగతి పిల్లలు దీన్ని రోజూ రుజువు చేసేవాళ్లు.

1895 మేలో జేమ్స్, రాయిస్, మున్‌స్టర్‌బర్గ్ వంటి ఆచార్యుల ముందు పీహెచ్‌డీ పరీక్షకు కూర్చుంది. హార్వర్డ్‌లో ఇంత బాగా ఎవరూ రాణించలేదన్నంతగా జేమ్స్ మెచ్చుకున్నాడు. డిగ్రీకి అర్హురాలని ఆచార్యులంతా చెప్పారు. యూనివర్సిటీ ఇవ్వనంది, ఆడది కాబట్టి. వేరే కారణమేదీ లేదు.

అసలు సంగతికి వస్తున్నాను. 1902లో ఆవిడతో కలిపి నలుగురు స్త్రీలకు, హార్వర్డ్ పక్కనున్న ఆడవాళ్ల కాలేజీ రాడ్‌క్లిఫ్ పేరుతో డాక్టరేటు ఇస్తామన్నారు. మున్‌స్టర్‌బర్గ్ తీసుకోమని నచ్చజెప్పాడు. ఆవిడ జవాబు రాసింది. డిగ్రీ లేక అప్పుడప్పుడు ఇబ్బందిగానే ఉందని, ఉంటే సంతోషమేనని దాచకుండా ఒప్పుకుంది. రాడ్‌క్లిఫ్ అలా ఇవ్వడం మొదలుపెడితే హార్వర్డ్ ఇక ఎప్పటికీ ఆడవాళ్లకు తలుపు తెరవదేమోనన్న అనుమానమూ రాసింది. రాడ్‌క్లిఫ్ ఇవ్వకపోవడమే చదువుకి మేలని నమ్ముతూ, సులువైన దారి కదా అని తీసుకోలేనంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. వచ్చిన కాగితం పుచ్చుకుని ముందుకు పోవచ్చుగా అనుకున్నాను. నేనైతే పుచ్చుకునేదాన్నే. జీవితమంతా నేను అలాంటివి పుచ్చుకుంటూనే వచ్చాను తల్లీ, నీకు తెలియనివి కూడా ఉన్నాయి. నిన్న నీ గొంతు విన్నాక ఆ జవాబు మళ్లీ తీసి చదివాను. అందులో విసురు లేదు, అలక లేదు. తనకు రావలసింది ఇది కాదని మర్యాదగా, నిలకడగా చెప్పింది.

1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు, 1918లో అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలైంది. రెండిటికీ ఆవిడే మొదటి స్త్రీ. 1927లో హార్వర్డ్ పూర్వ విద్యార్థులు కొందరు ఆవిడ డిగ్రీ ఆవిడకు ఇమ్మని అడిగితే మళ్లీ లేదన్నారు. 1930లో, ఆ డిగ్రీ లేకుండానే పోయింది.

నువ్వు నీ గైడుకి రాయి. ఏ నెలలో ఏ పని చేశావో తేదీలతో రాయి, పేరు ఎక్కడ ఉండాలో అడుగు. నోటు పుస్తకాలన్నీ ఈరోజే ఫొటోలు తీసి నాకు పంపు. ఉత్తరం చిత్తుప్రతి రాసి ఉంచు, ఇద్దరం కలిసి చూద్దాం. శనివారం మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతున్నాను. రాత్రికి నీ హాస్టల్ దగ్గర ఉంటాను.

అమ్మ