గడ్డ ముక్క ఒక్కటే పంపితే జబ్బు పేరు ఎలా తెలుస్తుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను చిత్తూరులో రిటైరైన జీవశాస్త్రం టీచర్ని. మా స్కూలు ల్యాబులో గాజు సీసాలో ఒక కప్ప ఉండేది. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. నేను దిగిపోయిన రోజునా కాలివేళ్లతో సహా అలాగే ఉంది. అదంతా ఫార్మలిన్ పుణ్యం, ఒంట్లోంచి తీసిన ముక్కను కుళ్లకుండా నిలబెట్టే మందు అది. ఆ మాట ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన నేనే, మా చెల్లెలి కొడుకు మెడలోంచి తీసిన గడ్డను సెలైన్‌లో వేసి చేతికిస్తే నోరెత్తకుండా తీసుకుని బయల్దేరాను.

వాడికి ఇరవై నాలుగేళ్లు. మెడకు కుడిపక్క ఉసిరికాయంత గడ్డ, సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా దురద. ఆపరేషన్ చేసిన చోట గడ్డను సన్నమూతి సీసాలోకి నొక్కి దూర్చి, "ఫ్రిజ్‌లో పెట్టుకుని రేపు పొద్దున ఇచ్చినా ఏం కాదు సార్" అన్నారు. దాంతో పాటు ఇచ్చిన చీటీలో పేరు, వయసు, 'మెడ గడ్డ' అన్న రెండు మాటలు, అంతే. జ్వరం మాట లేదు, దురద మాట లేదు. మర్నాడు ల్యాబులో అమ్మాయి సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఇందులో సెలైన్ ఎవరు పోసినారు సార్?" అని అడిగింది.

వారానికి రిపోర్టు వచ్చింది. గ్రాన్యులోమాలు (రక్షణ కణాలు గుంపుగా కట్టిన చిన్న ముద్దలు) కనిపిస్తున్నాయి, టీబీ కావచ్చు, ముక్క సరిగా నిలవలేదు, రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలి అని. టీబీ అన్న మాట అందరికీ కనబడింది. తర్వాతి రెండు మాటలూ ఎవరికీ పట్టలేదు, నాతో సహా. టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలకు పక్కనే ఇంకో రెండు గడ్డలు లేచాయి, వాడు తొమ్మిది కిలోలు తగ్గాడు. వేలూరు తీసుకెళ్తే ఇంకో గడ్డను పూర్తిగా తీసి పరీక్ష చేసి, హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్ అని తేల్చారు.

మైక్రోస్కోపు ముందు కూర్చున్న డాక్టరుది తప్పని మాత్రం నేను అనను. ఈ జబ్బు అసలే దొంగ జబ్బు. గడ్డలో క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి, మిగతావన్నీ వాటి చుట్టూ చేరిన మామూలు రక్షణ కణాలే. పైగా కొందరిలో అచ్చం టీబీలో లాగే గ్రాన్యులోమాలు కూడా కడతాయి. ఆ గుంపులో రెండు కేంద్రకాలతో గుడ్లగూబ కళ్లలా కనిపించే పెద్ద కణాన్ని వెతికి పట్టుకోవాలి. రాత్రంతా సెలైన్‌లో నాని చివికిన ముక్కలో, అదీ ఇరుకు సీసాలో నలిగిపోయాక, ఆ కళ్లు ఎక్కడ దొరుకుతాయి? టీబీ ఇంతగా ఉన్న దేశంలో గ్రాన్యులోమా కనబడితే మనసు ముందు టీబీ వైపే పోతుంది. చీటీలో 'సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా దురద' అని ఉండి ఉంటే అనుమానం వచ్చేదేమో. అనుమానం వస్తే సీడీ30, సీడీ15 అనే ప్రత్యేక రంగు పరీక్షలు ఉన్నాయి. అనుమానమే రాకపోతే అవి ఎవరు చేస్తారు?

ఇందులో ఇంకో మెలిక ఉందని నాకు వేలూరులోనే తెలిసింది. ఫార్మలిన్‌లో పడితే టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక ఆ క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు ముక్క పనికిరాదు. టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షకు కూడా ఫార్మలిన్ తగలని ముక్కే కావాలి. కాబట్టి ఇలాంటి గడ్డను రెండు చేసి, ఒక ముక్క సెలైన్‌లో వేసి వెంటనే టీబీ పరీక్షకు, మిగతాది వెడల్పు మూతి డబ్బాలో దానికి పదింతల ఫార్మలిన్ పోసి బయాప్సీకి పంపాలి. అంటే సెలైన్ పోయడం తప్పు కాదు, గడ్డంతా అందులోనే ముంచడం తప్పు.

ఇక బ్లాకు సంగతి. ముక్కను మైనంలో పోతపోసి, మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి స్లైడు చేస్తారు. మిగిలిన మైనం దిమ్మెనే బ్లాకు అంటారు, అది ఏళ్ల తరబడి పాడవదు, కొత్త పరీక్షలన్నీ దాని మీదే చేయొచ్చు. వేలూరు డాక్టరు పాత బ్లాకు తెమ్మంటే ఇక్కడి ల్యాబు 'బయటికి ఇవ్వం' అంది. లెటర్ తెచ్చాక 'వచ్చే వారం రండి' అంది. మూడుసార్లు తిరిగితే రెండు స్లైడులు చేతిలో పెట్టారు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కాగితానికి ఉన్న హక్కు, మా వాడి ఒంట్లోంచి తీసిన ముక్కకు లేకపోతే ఎలా? రసీదు రాయించుకుని ఇవ్వమనండి, తిరిగి తెచ్చి ఇస్తాం.

1960 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న ఊరు తిరుపతి. రుయా ఉంది, స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది. చిత్తూరు, పలమనేరు ల్యాబుల్లో ఒక్కరే కూర్చుని తల పట్టుకునే పాథాలజిస్టులు, తేలని స్లైడులను వారానికోసారి అక్కడి పెద్దలతో కలిసి చూసుకునే ఏర్పాటు చేయడం కష్టమా? స్లైడును స్కాన్ చేసి పంపే యంత్రాలూ వచ్చాయి కదా. జిల్లా రెండైనా జబ్బులు రెండు కాలేదు. వైద్యారోగ్య శాఖ అధికారులు కనీసం ఆపరేషన్ చేసే ప్రతి చోటా ఫార్మలిన్ డబ్బాలు ఉన్నాయో లేదో చూడాలి. జ్వరం ఎన్నాళ్లుగా, బరువు ఎంత తగ్గింది, స్టెరాయిడ్ మాత్రలు వాడారా (గడ్డ తీయకముందే అవి వాడితే లింఫోమా కనబడకుండా పోవచ్చట), ఏ జబ్బని అనుమానం అన్న నాలుగు గళ్లు నింపనిదే ముక్క తీసుకోవద్దని ల్యాబులకు చెప్పాలి.

మా వాడికి ఇప్పుడు కీమో నడుస్తోంది. జుట్టు ఊడింది గానీ ఆకలి వేస్తోందంటున్నాడు. ఆ నాలుగు గళ్ల చీటీ నమూనా ఒకటి నేనే తెలుగులో రాసి కిందటి నెల జిల్లా ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఇన్‌వార్డులో ముద్ర వేశారు, ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
చిత్తూరు