జీను తర్వాత, ముందు గడ్డి సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి పొలిమేరలో కొత్తగా కట్టిన ఫాంహౌస్‌కు పోయిన నెల ఓ గుర్రం దిగింది. కొన్న అబ్బాయి ఐటీ ఉద్యోగి, మంచివాడే. నా దగ్గర గుర్రం ఉందని తెలిసి ఫోన్ చేశాడు. ‘అంకుల్, మంచి జీను ఎక్కడ దొరుకుతుంది?’ అని అడిగాడు. మేత సంగతేమిటన్నాను. ‘వరిగడ్డి ఉంది కదా, ట్రాక్టరుకు చెప్పాను’ అన్నాడు. ఐదేళ్ల కింద నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అందుకే ఈ ఉత్తరం.

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు పొలాలు ఫాంహౌస్‌లయ్యాక గుర్రాలు కొనే సరదా కూడా మొదలైంది. కొందరు రాజస్థాన్ జాతి మార్వాడీ గుర్రం కొంటారు, కొందరు పందేలు మానిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) తెచ్చుకుంటారు. రెండోది చవగ్గా వస్తుంది. ఎందుకు చవకో మాత్రం కొనేటప్పుడు ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. రెండు మూడేళ్ల వయసులో పరుగుకు దిగిన గుర్రం చాలాసార్లు ఐదారేళ్లకే పనికిరాదని పక్కకు వస్తుంది. ఆయుష్షేమో పాతికేళ్లు దాటుతుంది. మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా ముచ్చటపడిందని కాలు దెబ్బతిన్న ఆరేళ్ల ఆడగుర్రాన్ని తెచ్చాను. ఇప్పుడు అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. గుర్రానికి పదకొండేళ్లు. లెక్క మీరే వేసుకోండి.

మాది వ్యవసాయ కుటుంబం. పశువులు కొత్త కాదు కాబట్టి గుర్రం ఏపాటి అనుకున్నాను. ఆ ధీమాయే నన్ను ముంచింది. ఎద్దును మేపినట్టు మేపాను. ఎద్దు నెమరేస్తుంది, వరిగడ్డి వేసినా అరిగించుకుంటుంది. గుర్రం నెమరేయదు. అంత ఒంటికీ దాని పొట్ట పట్టేది పది పదిహేను లీటర్లే. అందుకే పూటకింత అని ఒక్కసారే పెట్టకూడదు, రోజంతా కొంచెం కొంచెంగా మేస్తూ ఉండాలి. తిన్నది పడకపోతే వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు. 450 కిలోల గుర్రానికి రోజుకు 7 నుంచి 9 కిలోల మంచి ఎండుగడ్డి (వరిగడ్డి కాదు, పచ్చిగడ్డి కోసి ఎండబెట్టింది), 25 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. ఉలవలు, దాణా ఆ తర్వాతి మాట. ఇవన్నీ నాకు గుర్రం చావు దాకా వెళ్లొచ్చాక తెలిశాయి.

మొదటి ఏడాది డిసెంబరు. చలికి నీళ్లు తక్కువ తాగింది, మేం వేసేది వరిగడ్డి. ఓ సాయంత్రం కాలితో నేల తవ్వడం మొదలుపెట్టింది. తన డొక్కలకేసి తిరిగి తిరిగి చూసుకుంది. తర్వాత పడుకుని దొర్లింది. ఆడుకుంటోందనుకుని మా అమ్మాయి వీడియో తీసింది, నేను దాన్ని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. రాత్రి తొమ్మిదికి ఒళ్లంతా చెమట. పొద్దుటి నుంచి లద్దె వేయలేదని అప్పుడు గుర్తించాం. మండలంలోని పశువైద్యుడు పాపం వెంటనే వచ్చాడు. ‘చదువుకునేటప్పుడు గుర్రాల పాఠం చదివాను సార్, ఉద్యోగంలో చూసినవన్నీ బర్రెలే’ అని దాచకుండా చెప్పాడు. సిటీలో గుర్రాలు చూసే డాక్టరుకు ఆయనే ఫోన్ చేశాడు. ఆ సిటీ డాక్టరు రాత్రి రెండింటికి చేరి, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి లిక్విడ్ పారాఫిన్ (లద్దె జారడానికి పట్టే నూనె) పట్టించాడు. తెల్లవారుజామున లద్దె పడింది. ఆ వాసనకు అంత సంతోషపడిన రోజు నా జీవితంలో మరోటి లేదు. అది కడుపునొప్పి అని కూడా తెలియని అజ్ఞానం మాది. స్టేటస్ చూసి నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు, వాళ్లకూ తెలియదు.

మా వైపు ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, బూజు పట్టిన మొక్కజొన్న. అందులోని విషం గుర్రం మెదడును దెబ్బతీస్తుంది. రెండు, కోళ్ల దాణా. మా చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎక్కువ, మిగిలిన దాణా బస్తా ఎవరో ఒకరు ‘గుర్రానికి వేసుకో అన్నా’ అని ఇస్తారు. కోళ్లకు జబ్బు రాకుండా ఆ దాణాలో మోనెన్సిన్ లాంటి మందు కలుపుతుంటారు. కోడికి ఏమీ కాదు కానీ, అదే మందు గుర్రం గుండె కండరాన్ని పాడుచేసి ప్రాణం తీస్తుంది. ఇది బస్తా ఇచ్చేవాడికీ తెలియదు, తీసుకునేవాడికీ తెలియదు.

గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. లాడాలు కొట్టే మనిషి మా దగ్గర లేడు, సిటీ నుంచి రప్పిస్తాను. ఆయనకు పెళ్లి బరాత్‌ల సీజన్‌లో తీరిక ఉండదు. పళ్లు ఏడాదికోసారి చూపించి, మొనలు తేలితే ఆకురాయితో అరగదీయించాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరి, పొలంలో మేకు గుచ్చుకోవడం ఎంతసేపు. గుర్రం ఒంటరిగా ఉండలేదు కూడా. రెండో గుర్రాన్ని పోషించే స్తోమత లేక మేకను తోడు కట్టాం. బోనాలకు ఆ మేకను అడిగి లేదనిపించుకున్న మా బావమరిది ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలన్నది ఎగతాళికే కావచ్చు. నెలాఖరున లెక్క రాసుకునేటప్పుడు మాత్రం అందులో ఎగతాళేమీ కనిపించదు.

ఇక ప్రభుత్వానికి చెప్పాల్సింది. నేను కొన్నప్పుడు నన్ను ఎవరూ ఏ కాగితమూ అడగలేదు, అమ్మినవాడు ఏ కాగితమూ ఇవ్వలేదు. గుర్రాలకు గ్లాండర్స్ అనే రోగం వస్తుంది. మనుషులకూ అంటుతుంది. సోకినట్టు తేలిన గుర్రాన్ని చంపేయాల్సిందే. రక్త నమూనాలను పరీక్షించే జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది. ఆ పరీక్ష లేకుండానే గుర్రాలు ఫాంహౌస్‌కూ ఫాంహౌస్‌కూ మధ్య చేతులు మారుతున్నాయి. పరీక్ష కాగితం లేనిదే అమ్మకం చెల్లదని పశుసంవర్ధక శాఖ గట్టిగా చెప్పాలి. ఇక మేత, నీళ్లు పెట్టకపోవడం, వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరాలే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ రోజుల్లో 50 రూపాయలకు గుర్రానికి పూటకు సరిపడా గడ్డి కూడా రాదు. ఆ చట్టానికి భయపడేదెవరు?

రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం కొత్తగా గుర్రాలు కొన్నవాళ్లకు శని, ఆదివారాల్లో రెండు రోజుల తరగతి పెడితే ఫీజు కట్టి వెళ్లేవాళ్లున్నారు, నేనే మొదటివాణ్ని. అదే చోట ఊరి కుర్రాళ్లకు గిట్టలు చెక్కే పని నేర్పిస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు దొరుకుతాయి. జిల్లాలో గుర్రాలు చూడగలిగిన డాక్టర్లెవరో పేర్లు, నంబర్లు ప్రతి పశువైద్యశాల గోడ మీదా రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అర్ధరాత్రి ఆ నంబరు కోసం నేను పడ్డ టెన్షన్ ఇంకొకరికి వద్దు.

ఆ ఐటీ అబ్బాయికి జీను దుకాణం సంగతి నేనింకా చెప్పలేదు. మొన్న ఆదివారం వెళ్లి డాక్టరు నంబరు, లాడాలాయన నంబరు కాగితం మీద రాసిచ్చి వచ్చాను. వరిగడ్డి ట్రాక్టరును వెనక్కి పంపాడట.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శంకర్‌పల్లి మండలం, రంగారెడ్డి జిల్లా