రాత్రి వేడి, గాలిలో తేమ కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీలో రోజూ ఒక మూల చిన్న బాక్సు కడతారు. నిన్నటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఇంత అని. 43, 44 దాటితే అదే వార్త పెద్ద అక్షరాలతో మొదటి పేజీకి వస్తుంది. నాలుగు చినుకులు పడి 36కో 37కో దిగిందంటే ఆ బాక్సు కనబడదు. మా అత్తమ్మకు ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఆ బాక్సు తీసేసిన తర్వాతే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణిలో 30 ఏండ్లకు పైగా పనిచేసి 2025 జనవరిలో రిటైర్ అయ్యారు. రిటైర్ అయితే క్వార్టర్ ఖాళీ చేయాలి కదా. పెద్దబ్బాయి హనుమకొండలో ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అందరం ఒక్కదగ్గరే ఉండొచ్చని హసన్‌పర్తి పోయే దారిలో, భీమారం దాటాక, కొత్త కాలనీలో ఇల్లు కొన్నాం. 150 గజాల జాగా, తూర్పు వాకిలి, కట్టి సిద్ధంగా ఉన్న ఇల్లు. డిసెంబరులో, ఉదయం పది గంటలకు వచ్చి చూశాం. చల్లగా, వెలుతురుగా ఉంది. చుట్టూ పొలాలు, కాస్త దూరంలో చెరువు. దుమ్ము లేదు, బొగ్గు వాసన లేదు. అత్తమ్మ అరుగు మీద కూర్చొని "ఇక్కడ నా పాణం హాయిగుంటది బిడ్డా" అన్నది. ఆమెకు 78 ఏండ్లు.

ఎండ మాకు కొత్త కాదు. రామగుండం వైపు ఎండలు ఎట్లుంటాయో మీకు చెప్పనక్కర లేదు. కానీ మా క్వార్టర్ ముందు రెండు వేపచెట్లు ఉండేవి, వెనక ఒకటి. సాయంత్రం ఆరు గంటలకు వాకిట్లో నీళ్లు చల్లి నవారు మంచాలు వేసుకుంటే తొమ్మిదింటికల్లా ఒళ్లు చల్లబడేది. పగలు ఎంత మండినా రాత్రి మాదే అనుకునేవాళ్లం. ఇక్కడికి వచ్చాక పోయింది ఆ రాత్రే.

ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఇల్లు మార్చాలనుకునే వాళ్లకు పనికొస్తుంది. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో ఉంటుంది. మాదీ అంతే. తూర్పు వాకిలి ఇంటికి ముందంతా ఖాళీ, పడమర గోడ వెనక ఏమీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దు గూకేదాకా ఎండంతా ఆ గది గోడకే. పైన స్లాబు. రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే, జొన్నరొట్టె కాల్చి అప్పుడే దించిన పెనం లెక్క వేడి తగిలేది. కిటికీ తెరుద్దామంటే పక్కింటి గోడ మూడడుగుల దూరంలో ఉంది. ఆ సందులోకి వాళ్ల ఏసీ బయటి డబ్బా వేడిగాలి వదులుతుంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు ఇంకెక్కడ పెడతారు? ఇటు వైపు కూడా అంతే. ప్రతి ఇల్లూ హద్దు దాకా కట్టిందే. వెంచర్ వేసినప్పుడు పొలం గట్ల మీద ఉన్న చెట్లన్నీ తీసేశారట. ఇప్పుడు మా రోడ్డు మీద నీడ అంటే కరెంటు స్తంభం నీడే.

మే నెల ఎట్లనో గడిచింది. కూలర్ కొన్నాం, మంచిదే పనిచేసింది. రంజన్‌లో నీళ్లు, మజ్జిగ, పొద్దున అంబలి. 2025లో వానలు తొందరగా వచ్చాయి. మే ఆఖరుకే పడ్డాయి. ఎండాకాలం అయిపోయిందని సంతోషపడ్డాం. తర్వాత మొహం చాటేశాయి. మబ్బు పట్టుకొని ఉంటుంది, వాన రాదు, ఆకు కదలదు. చెరువు పక్కనే, దాని కింద నారుమళ్లు. ఉడుకపోత అంటే ఏందో అప్పుడు తెలిసింది. మేలో మమ్మల్ని కాపాడిన కూలర్ జూన్‌లో మాకు శత్రువైంది. వేస్తే పరుపు తడి, దిండు తడి, ఒంటి మీద చీర అతుక్కుపోతుంది. ఆపితే ఊపిరాడదు. మా మనుమరాలికి మెడ నిండా, వీపు నిండా చెమటకాయలు. రాత్రంతా ఏడుపే.

కూలర్ ఎందుకు పనిచేయట్లేదో మా అబ్బాయి చెప్పాడు. తడి గడ్డిలోంచి గాలి వచ్చేటప్పుడు నీరు ఆవిరవుతుంది, అట్ల ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది. గాలిలో ముందే తేమ ఎక్కువుంటే నీరు సరిగ్గా ఆవిరి కాదు. పైగా కిటికీలు మూసి వేస్తే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. మన ఒంటి చెమటకూ ఇదే లెక్క అట. 35 డిగ్రీల వేడి, గాలిలో తేమ 60 శాతం ఉంటే ఒంటికి 45 డిగ్రీల లాగా తగులుతుందట. మీ బాక్సులో 35 అనే పడుతుంది. చదివినవాళ్లు చల్లబడిందనే అనుకుంటారు.

మిరుగం (మృగశిర కార్తె) నాడు చేపల కూర తిన్నాం. ఆ తర్వాత నాలుగో రోజు, తెల్లవారుజామున మూడు గంటలకు అత్తమ్మను బాత్రూముకు తీసుకుపోదామని లేపాను. నన్ను పోల్చలేదు. "మా అమ్మేదీ" అని అడిగింది. చేతులు పట్టుకుంటే కాలుతున్నాయి, నాలుక పొడిబారి గరుకుగా ఉంది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి మూత్రానికే పోలేదని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. గుండె ఝల్లుమంది. తడిగుడ్డలు చుట్టి, ఫ్యాను కింద పెట్టి, 108కు ఫోన్ చేశాం. హాస్పిటల్లో మూడు రోజులు ఉంచారు. దేవుడి దయ, తిరిగొచ్చింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎండలో తిరిగిందా?" అని. లేదమ్మా, గడప దాటలేదు అని చెప్పాను. అప్పుడామె రాత్రి ఎక్కడ పడుకుంటుంది, గది ఎట్లుంటుంది అని అన్నీ అడిగింది. పగలు దెబ్బతిన్న ఒళ్లు రాత్రి చల్లబడితేనే తేరుకుంటుందని, ముసలివాళ్లకు దాహం సరిగ్గా తెలియదని, కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయని చెప్పింది. అత్తమ్మ వేసుకునేది అట్లాంటి మాత్రనే. ఉడుకపోత రోజుల్లో ఆ మాత్ర ఎంత వేయాలో డాక్టర్‌ను అడగాలని మాకు తట్టలేదు. మీ పాఠకుల్లో ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు దయచేసి ఒకసారి అడగండి. మాత్ర మీకై మీరు మాత్రం ఆపకండి.

ఏసీ పెట్టుకోవచ్చు కదా అంటారు. అప్పు చేసి ఒక గదిలో పెట్టించాం. అందరితో అయ్యే పని కాదు. మా వీధిలోనే ఆటో నడుపుకునే కుటుంబం ఉంది. గృహజ్యోతి కింద వాళ్లకు జీరో బిల్లు వస్తుంది. 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు వేస్తే పది యూనిట్ల దాకా కాలుతుంది, అంటే నెలకు 300. ఆ తల్లి ఇద్దరు పిల్లల్ని తీసుకొని వాకిట్లో పడుకుంటుంది, దోమలు కుడుతున్నా సరే. ఆ పక్కన రేకుల షెడ్డులో ఉండే కూలీల సంగతి తలచుకుంటేనే కడుపులో దేవినట్టయితది.

హాస్పిటల్ నుంచి వచ్చాక మా కోడలు ఆన్‌లైన్‌లో ఒక చిన్న మీటర్ తెప్పించింది. వేడి, తేమ రెండూ చూపిస్తుంది. నైరుతి గదిలో జూన్‌లో రాత్రి 11 గంటలకు 34 డిగ్రీలు, తేమ 64 శాతం. కూలర్ వేస్తే తేమ 70 దాటేది. ఈ మార్చిలో మేస్త్రిని పిలిచి స్లాబు కడిగించి, సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించాం. ఖర్చు మూడు వేల లోపే. వేయకముందు వారం, వేసిన తర్వాత వారం నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. బయట అంతే వేడి ఉన్న రాత్రులు చూసుకుంటే గదిలో దాదాపు రెండు డిగ్రీలు తగ్గింది. సాయంత్రం చెప్పుల్లేకుండా స్లాబు మీద నడిచి బట్టలు తీసుకొస్తున్నాను. పోయిన ఏడాది కాలు పెట్టలేకపోయేదాన్ని. వానలకు సున్నం పోతుంది, ఏటా వేయించాలి. వేయిస్తాం. పడమర గోడకు ఎడంగా వెదురు తడక కట్టి చిక్కుడు తీగ పాకించాను. నైరుతి గది ఇప్పుడు బియ్యం, సామాన్ల గది. అత్తమ్మ మంచం ఈశాన్యం వైపు హాల్లోకి మారింది. చూసిపోయిన బంధువులు వాస్తు అని ఏదో అన్నారు. అననీ.

ఇప్పుడు అసలు విషయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 దాకా అని చెప్పింది. స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూతో, టైల్సో వేయించాలన్నది దాని ఉద్దేశం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. నివాస గృహాల్లో మాత్రం 600 గజాలు, ఆపైన జాగా ఉన్నవాటికే తప్పనిసరి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. మా కాలనీలో 600 గజాల ఇల్లు ఒక్కటీ లేదు. 120, 150, మహా అయితే 200. ఎక్కువ ఉడికేది ఈ ఇండ్లే, గాలికి దారి లేనిది ఈ ఇండ్లకే. కట్టి అమ్మేవాళ్లకు ఇష్టం మీద వదిలేస్తే ఎవరు వేస్తారు? కొనేవాళ్లు చలికాలంలో పొద్దున వచ్చి చూసిపోతారు, మాలాగే. ఇంటికి అనుమతి ఇచ్చేటప్పుడే చిన్న ఇండ్లకూ ఈ పూత తప్పనిసరి చేయాలి. ఇప్పటికే కట్టుకున్న పేదవాళ్లకు సున్నం, కూలి ఖర్చు ఇవ్వాలి. వడదెబ్బను 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు. చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామన్నారు, మంచిదే. అందులో ఒక కుటుంబానికిచ్చే డబ్బుతో మా కాలనీలో వంద స్లాబులకు పైగా తెల్లబడతాయి.

మా కాలనీలో పార్కు అని బోర్డు పెట్టిన జాగా ఉంది. బోర్డు వెనకంతా వయ్యారిభామ. అక్కడ వేప, కానుగ మొక్కలు ఇస్తే నీళ్లు మేం పోసుకుంటాం. ఆడవాళ్లం పన్నెండు మందిమి మాట్లాడుకొని పెట్టుకున్నాం, ఇంటికి రెండు మొక్కలు పంచుకొని.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. రాష్ట్ర ప్రణాళిక శాఖ మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టింది. అవి వేడితో పాటు తేమ కూడా కొలుస్తాయి. హనుమకొండలో వాతావరణ శాఖ కేంద్రమూ ఉంది. ఆ బాక్సులో గరిష్ఠం పక్కన రాత్రి కనిష్ఠం, గాలిలో తేమ శాతం కూడా వేయండి. వానలు కుదురుకునేదాకా, అంటే జూలై దాకా, బాక్సు తీయకండి. తేమ ఎక్కువున్న రోజు "ఇంట్లో ముసలివాళ్లను రాత్రిపూట ఒకసారి లేపి నీళ్లు తాగించండి" అని ఒక్క లైను కలపండి. మా అత్తమ్మ రోజూ పొద్దున అద్దాలు పెట్టుకొని మీ పత్రికే చదువుతుంది.

ఇట్లు,
ఒక సింగరేణి రిటైర్డ్ కార్మికుని భార్య,
భీమారం, హనుమకొండ జిల్లా.