తోటల ఉపసంఘం వార్షిక నివేదిక 2024–25: తేనెటీగల మళ్ళు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పార్కులో దేశవాళీ మొక్కల మడి, నర్సరీ రకాల మడి ఒకదాని పక్కన ఒకటి వేశాం. నీరు, ఎండ రెంటికీ సమానం. ఎండ కాసిన రోజుల్లో ఉదయం 8–10 గంటల మధ్య ఒక్కో మడి దగ్గర పది నిమిషాలు నిలబడి, వాలిన తేనెటీగలను లెక్కపెట్టాం.

తేడా బాగా తెలిసింది బంతిలో. ముద్దబంతిలో నడిమి గొట్టపు పూలు చాలావరకు రేకులైపోతాయి. పుప్పొడి, మకరందం ఉండేది ఆ గొట్టాల్లోనే. ఈగ వాలి, రేకుల మధ్య తల దూర్చి, వెంటనే లేచిపోతుంది. రేకబంతి బొడ్డు మీద మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఒక్కో గొట్టాన్నీ తడుముతుంది. బంతి అసలు మెక్సికో మొక్క! కాబట్టి ముందు చూడాల్సింది పువ్వు కట్టు, ఆ తర్వాతే పుట్టిన ఊరు. ముద్ద మందారానిదీ ఇదే కథ, కేసరాలు రేకులవుతాయి. నూరువరహాలు మన నేల మొక్కే అయినా దాని సన్నని పొడవాటి గొట్టం సీతాకోకచిలుకకే తప్ప తేనెటీగ నాలుకకు అందదు.

తంగేడులో మకరందం ఉండదు. పుప్పొడి కేసరం కొన రంధ్రంలోంచి రావాలి, తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. తేనెటీగలకు ఆ విద్య రాదు, రేకుల మీద పడింది ఏరుకుంటాయి. అందుకే పక్కన తులసి, తుమ్మి తప్పనిసరి. ఇంట్లో తులసి వెన్నులు తుంచేవారు సగమైనా వదలండి. తుమ్మి వానాకాలంలో దానంతటదే మొలుస్తుంది. గడ్డి మిషన్ తిప్పే మనిషికి అది కలుపే కనుక ఆ చోట నాలుగు కర్రలు పాతి తాడు కట్టాలి.

తంగేడు విత్తనం పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్ళలో వేసి రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవే తీసుకోవాలి. తల్లివేరు త్వరగా దిగుతుంది. చిన్న సంచిలో ఎక్కువకాలం ఉంచితే వేరు చుట్టుకుపోయి, నేలలో పెట్టినా మొక్క తిప్పుకోదు. తొలకరికి నేరుగా గుంటకు 3 విత్తనాలు అర అంగుళం లోతున వేసి, బలమైనది ఒక్కటే ఉంచడం మేలు.

పూల మొక్కలు కొనేటప్పుడు కుండీలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోశారా అని నర్సరీలో అడగండి. వేరు పీల్చిన మందు మకరందంలోకి చేరుతుంది.

వచ్చే ఏడాది వేసవి పూతకు కానుగ, వేప, చలికాలం ముందు పూతకు కుంకుడు నాటుతాం. నేలలో గూడు తవ్వే తేనెటీగ జాతి ఈగల కోసం ఒక మూల ఆకుల పరుపు వేయకుండా వట్టి మన్ను వదులుతాం. ముద్దబంతి పండగలకు ఉంటుంది, కానీ దాని ఖర్చు ఈ పద్దులో పడదు.