గండికోట ప్రయాణంపై ఫిర్యాదు: ఇకనైనా జవాబివ్వండి

ట్రావెల్స్ మేనేజర్ గారికి,

మీ పేరు రాద్దామంటే మీ ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ ‘పైవాళ్లు మాట్లాడతారు’ అన్నారు, ఆ పైవాళ్లు మాట్లాడింది లేదు. అందుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం దీన్నయినా ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

మా నాన్నగారు చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు. యాగంటి, బెలుం గుహలు, తాడిపత్రి గుళ్లు, గండికోట గురించి ఏళ్లతరబడి పిల్లలకు పాఠాలు చెప్పారు గానీ, తీరిగ్గా చూసింది లేదు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. అందుకని రోజుకు ఒక్క చోటే చూసేలా, మధ్యాహ్నం ఎండలో ఎక్కడికీ వెళ్లకుండా, గండికోటలోనే రాత్రి ఉండి తెల్లవారుతుండగా పెన్నా లోయ చూసేలా ప్రయాణం కావాలని మీకు రాసిచ్చాను. మీవాళ్లు సరేనన్నారు. మామూలు ప్యాకేజీ కంటే ఎక్కువే తీసుకున్నారు.

తీరా డ్రైవర్ చేతికి మీరిచ్చిన కాగితం వేరు. అతని తప్పేమీ లేదు, దయచేసి అతని మీద చర్య తీసుకోకండి. యాగంటిలో కోనేటి మెట్ల మీద నాన్నగారు కూర్చున్నారో లేదో మీ ఆఫీసు నుంచి ఫోన్. బనగానపల్లె దాటాక పొలాల చుట్టూ కంచెలా పాతిన నాపరాళ్లు చూసి నాన్నగారు బండి ఆపమంటే, మళ్లీ ఫోన్. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహల్లో పాతాళగంగ దాకా వెళ్లనివ్వలేదు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో అసంపూర్తిగా మిగిలిన గోపురం దగ్గర నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని, రాతి మీద లతల చెక్కడాన్ని వేలితో తడుముతూ నాకు చూపిస్తున్నారు. డ్రైవర్ వచ్చి, ‘బండి టైముకి చేరకపోతే బత్తా కట్ చేస్తారు సార్’ అని తల దించుకున్నాడు. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా వచ్చి కారెక్కారు. రాత్రి బసను ప్రొద్దుటూరు లాడ్జికి మార్చేశారు. గండికోట చూసింది మర్నాడు మిట్టమధ్యాహ్నం, రాళ్లు కాలిపోతున్న వేళ. మాధవరాయ ఆలయం దాకా నడిచేసరికి ఆయనకు ఓపిక అయిపోయింది.

సరే, జరిగిందేదో జరిగింది. తిరిగొచ్చాక మీరు ఒక్క మాట అని ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు. ప్రతి గొంతుకూ బుకింగ్ నంబర్ మొదట్నుంచీ చెప్పాలి. ఒకమ్మాయి ‘గండిపేటా మేడమ్?’ అంది. గండికోట కడప జిల్లాలో ఉందని నేను చెప్పాల్సొచ్చింది. ఇంకొకాయన ‘లిస్టులో ఉన్నవన్నీ చూపించారు కదా, ఇంకేం ప్రాబ్లం?’ అని ఎదురు నన్నే అడిగారు. మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. మెయిల్ చూసేది వేరే విభాగం అన్నారు. ఆ విభాగం నంబర్ అడిగితే ఇవ్వకూడదట. చివరికి నాన్నగారే ఫోన్ తీసుకుని ‘చూడమ్మా, నా వయసు...’ అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తి కాకుండానే హోల్డ్‌లో పెట్టారు. లైన్ కట్టయ్యేదాకా ఆ పాట వింటూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నారాయన. సాయంత్రం మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించాం, రేటింగ్ ఇవ్వండి. ఎవరితో మాట్లాడి పరిష్కరించారు?

మా అక్క పెళ్లికి తిరుపతి వెళ్లింది మీ బస్సులోనే. ఏటా శ్రీశైలం మీ బండిలోనే. చిన్నాన్న వాళ్లను అరకు ప్రయాణానికి మీ దగ్గరకు పంపింది నేనే. అంత నమ్మినందుకు మీ నుంచి దక్కింది ఇదీ.

ఎక్కువ తీసుకున్న డబ్బు వెనక్కివ్వాలి, అది న్యాయం. అంతకన్నా ముందు, బాధ్యత గల మనిషి ఎవరైనా మా నాన్నగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పేది చివరిదాకా విని, క్షమాపణ అడగాలి. ఈ నెలాఖరుదాకా చూస్తాను. అప్పటికీ స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. మీరు రాసిచ్చిన ప్లాను, డ్రైవర్‌కిచ్చిన కాగితం ఫొటో, మీ మెసేజ్‌లు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్