మణిపూర్ శిబిరాల పిల్లలకు ఈ క్రిస్మస్ కానుక

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆరాధనకు వచ్చే అందరికీ ప్రభువు నామమున వందనములు.

2025 క్రిస్మస్ కానుకల్లో కొంత భాగం మణిపూర్‌లో ఇల్లూ ఊరూ పోగొట్టుకుని సహాయ శిబిరాల్లో పెరుగుతున్న పిల్లలకు పంపాలని సంఘ కమిటీ తీర్మానించింది. అంత దూరం ఎందుకు, మన దగ్గర లేని పేదలా అని కొందరు అడిగారు. అడగవలసిన మాటే.

మన ఆరాధనకు రెండేళ్లుగా వస్తున్న ఒక నర్సమ్మ ఉంది. పేరు రాయవద్దంది. వెనక వరుసలో కూర్చుని, తెలుగు పాటలు నేర్చుకుని మనతో కలిసి పాడుతుంది. ఆమెది చురాచాంద్‌పూర్ దగ్గర కొండపల్లె. అక్కడికి ఇంఫాల్ విమానాశ్రయం 60 కిలోమీటర్లు, మనం తిరుపతికి వెళ్లి వచ్చేంత దూరం కూడా కాదు. కానీ ఆ దారి మైతేయి జనం ఉండే లోయ గుండా పోతుంది, ఆమె కొండల్లోని కుకీ తెగ అమ్మాయి కనుక అందులో అడుగు పెట్టే వీలు లేదు. మొన్న సెలవుకు వెళ్లినప్పుడు పక్క రాష్ట్రం మిజోరంలోని ఐజ్వాల్‌లో దిగి, కొండదారుల్లో రాత్రీ పగలూ బండిలో కూర్చుని వెళ్లింది. వాళ్ల తమ్ముడికి ఇల్లు కాలినప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పుడు పదేళ్లు దాటాయి. వాడు ఉంటున్నది ఒక హాల్లో, చీరలూ దుప్పట్లూ తెరలుగా కట్టుకున్న కుటుంబాల మధ్య. "నిన్ను గుర్తుపట్టాడా అమ్మా?" అని మన సండే స్కూలు టీచరు అడిగితే, "పట్టాడు, కానీ ఏమీ అడగలేదు, చాక్లెట్ కూడా" అంది.

జరిగింది క్లుప్తంగా చెబుతాం. లోయలో ఎక్కువగా ఉండే మైతేయిలకు షెడ్యూల్డ్ తెగల హోదా ఇవ్వాలన్న డిమాండుకు వ్యతిరేకంగా 2023 మే 3న కొండజిల్లాల్లో ప్రదర్శనలు జరిగాయి. ఆ రోజు మైతేయిలకూ కుకీలకూ మధ్య మొదలైన హింసలో 250 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలారు. ఇళ్లతో పాటు చర్చిలూ కాలాయి, గుళ్లూ కాలాయి. 2025 ఫిబ్రవరి 13న రాష్ట్రపతి పాలన వచ్చింది. లోయకూ కొండలకూ మధ్య భద్రతా దళాల కాపలా ఉంది. తప్పెవరిదో తేల్చడానికి కోర్టులున్నాయి. సంఘంగా మనం ఆ తీర్పు చెప్పబోము.

కమిటీలో గట్టి వాదన జరిగింది మరో విషయం మీద, అదీ మీకు తెలియాలి. కుకీలు ఎక్కువమంది క్రైస్తవులు, కాబట్టి మన కానుక వాళ్లకే పోవాలని కొందరు పెద్దలు అన్నారు. కానీ చురాచాంద్‌పూర్ నుంచి, బర్మా సరిహద్దులోని మొరే నుంచి ప్రాణాలు చేతబట్టుకుని పరుగెత్తిన మైతేయి పిల్లలు కూడా లోయలోని ఇంఫాల్‌లో, మొయిరాంగ్‌లో ఇలాంటి హాళ్లలోనే పడుకుంటున్నారు. మాట తెగకపోతే, నలభై ఏళ్లుగా ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేస్తున్న అవ్వ లేచింది. "దినమ్మూ పిడికెడు తీసి పెట్టేటప్పుడు ఇది ఏ పిలకాయ నోట్లోకి పోతుందో నేనెప్పుడైనా అడిగినానా నాయనా? ఇప్పుడు మీరెందుకు అడుగుతుండారు?" అని కూర్చుంది. నర్సమ్మను కూడా అడిగాం. చాలాసేపు తల వంచుకుని, ఇద్దరికీ పంపండి అంది. ఇల్లు కాలిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చాక మాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వచ్చినదంతా రెండు సగాలు: ఒకటి కొండల్లోని శిబిరాలకు, ఒకటి లోయలోని శిబిరాలకు.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ల వాళ్లను ఖాళీ చేయించారు. కట్టుబట్టలతో బయటపడి పరాయి పంచన తలదాచుకున్న ఆ కొద్ది రోజులకే పిల్లలు ఎలా వాడిపోయారో చూసినవాళ్లు మనలో ఉన్నారు. అక్కడ అది మూడో చలికాలం. జనవరి రాత్రుల్లో ఇంఫాల్ చలి 4, 5 డిగ్రీలకు దిగుతుంది. మదనపల్లె చలి ఎరిగినవాళ్లు కూడా ఓర్చుకునే చలి కాదది.

ప్రభుత్వం బియ్యం, పప్పు ఇస్తోంది. లేనివి వేరే. పొలం, అంగడి పోయిన తండ్రి చేతిలో పైసా ఆడదు, పిల్లవాడు పెన్సిల్ అడిగినా లేదు. అందుకని ఉన్ని స్వెటర్లు, రగ్గులు, నోటుబుక్కులు, పదో తరగతి పిల్లలకు పరీక్ష రుసుము, సాయంత్రం శిబిరంలోనే పాఠం చెప్పేవాళ్లకు కొంత భత్యం అనుకున్నాం. ఈ చివరిదే అన్నింటికంటే ముఖ్యమని కమిటీ అభిప్రాయం. పదహారేళ్ల కుర్రాడు చదువు మానితే ఊరి కాపలా పేరుతో తుపాకీ పట్టిన గుంపులో కలుస్తాడేమోనని అటూ ఇటూ తల్లులకు ఒకే భయం. ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, స్నానాల దగ్గర తలుపున్న తడికెల గది. వంద మంది మధ్య పెద్దమనిషైన పిల్ల ఎంత నలిగిపోతుందో స్త్రీల సమాజం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

దయచేసి పాత బట్టలు తేవద్దు. మనసు మంచిదే, కానీ చిత్తూరు నుంచి అక్కడికి లారీ కిరాయితో అక్కడే కొత్త స్వెటర్లు కొనవచ్చు. అక్కడి అంగళ్లలో కొంటే వాళ్లకూ నాలుగు రూపాయలు ఆడతాయి. డబ్బే ఇవ్వండి.

మేం అనుకున్న మొత్తం 4 లక్షల రూపాయలు. ఇంటికింత అని మాత్రం రేటు పెట్టలేదు. ఈ ఏడాది తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో రోజుల తరబడి కాచుకున్న రైతులు మన బెంచీల్లోనే ఉన్నారు. పది రూపాయలైనా కానుకే, పిడికెడు బియ్యమైనా కానుకే. బియ్యాన్ని స్త్రీల సమాజం అమ్మి డబ్బు జమ చేస్తుంది.

డిసెంబరులో ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత చర్చి ఆఫీసులో ట్రెజరర్ దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. చెక్కు సంఘం పేరు మీదే రాయండి. ఎవరి సొంత ఫోను నంబరుకూ ఫోన్‌పే చేయవద్దు, కమిటీ సభ్యులే అడిగినా సరే. కొన్న బిల్లులు, రెండు వైపులకూ పంపిన లెక్క ఫిబ్రవరి మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద అంటిస్తాం. పిల్లల ఫొటోలు మాత్రం అడగవద్దు, తెప్పించం.

కానుకలు డిసెంబరు 28 వరకే తీసుకుంటాం. జనవరి చలి ముదిరేలోపు రగ్గులు వాళ్ల చేతికి అందాలి.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ, చిత్తూరు