జుట్టు మీద పరిశోధనకు విరాళం దండగేమీ కాదు

సంపాదక మహాశయులకు,

ఈమధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాసింది చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ప్రాణాలు తీసే జబ్బులకే డబ్బు చాలక అల్లాడుతుంటే, జుట్టు ఊడటం మీద పరిశోధనకు జనం దగ్గర విరాళాలు అడగడం ఏమిటని ఆయన ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. తన కష్టార్జితం ఎక్కడికి పోతోందో నిలదీసే హక్కు దాతకు ఎప్పుడూ ఉంది. కానీ జుట్టు ఊడటం అంటే బట్టతలే అన్న లెక్కలో ఆ లేఖ మొత్తం సాగింది. నా అభ్యంతరం దానికే.

వంశపారంపర్యంగా, వయసుతో పాటు వచ్చే బట్టతలకు నిజంగానే ఎవరి దానమూ అక్కర్లేదు. దాని వెనక పెద్ద మార్కెట్ ఉంది. రక్తపోటుకు మినాక్సిడిల్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతున్నాయని గమనించి, దాన్నే తలకు రాసుకునే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథికి వాడే ఫినాస్టెరైడ్ 1997లో తక్కువ డోసులో అదే దారి పట్టింది. లాభం కనిపించిన చోటికి కంపెనీలను ఎవరూ బతిమాలి పిలవక్కర్లేదు.

నేను చెప్పేది వేరే జబ్బుల గురించి. పేనుకొరుకుడు అని మనం పిలిచే అలోపీసియా ఏరియేటా అందులో ఒకటి. పేనుకూ పురుగుకూ దీంతో సంబంధం లేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే వెంట్రుక కుదుళ్ల మీద పడతాయి. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, పిల్లలకూ వస్తుంది. చాలామందికి తల మీద నాణెమంత ఖాళీలతో ఆగిపోతుంది. కొందరికి తల మొత్తం ఖాళీ అవుతుంది. ఇంకొందరికి కనుబొమలు, రెప్పలతో సహా ఒంటి మీద ఒక్క వెంట్రుకా మిగలదు. రెప్పల వెంట్రుకలు లేకపోతే చెమటా దుమ్మూ నేరుగా కంట్లో పడతాయి. ముక్కులో వెంట్రుకలు లేకపోతే ఊరికూరికే ముక్కు కారుతుంది. ఇదంతా అందం గొడవ అనేవాళ్లకు ఇంకేం చెప్పాలి? 2022లో ఆస్కార్ వేదిక మీద నటుడు విల్ స్మిత్ కొట్టిన చెంపదెబ్బ అందరికీ గుర్తుంది. అక్కడ నవ్వులపాలైంది ఈ జాతి జబ్బు ఉన్న ఆయన భార్య తల అన్న సంగతి ఎంతమందికి గుర్తుందో నాకు అనుమానమే.

ఈ జబ్బుకు మందు ఎలా వచ్చిందో చూస్తే విరాళాల సొమ్ము చేసే పని ఏమిటో తెలుస్తుంది. రోగుల కోసం పనిచేసే నేషనల్ అలోపీసియా ఏరియేటా ఫౌండేషన్ అమెరికాలో 1981లో మొదలైంది. తర్వాత ప్రభుత్వ పరిశోధన నిధులతో ఒక రోగుల రిజిస్ట్రీ ఏర్పడితే, ఈ సంస్థ దానికి అండగా నిలిచింది. రిజిస్ట్రీ అంటే మరేం లేదు, రోగుల రక్త నమూనాలు, కుటుంబ వివరాలు, జబ్బు నడిచిన తీరు అన్నీ ఒక్కచోట పద్ధతిగా భద్రపరచడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. దానికి రిబ్బను కత్తిరించేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ ఆ నమూనాలు ఉండబట్టే 2010లో కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో బృందం 1,054 మంది రోగుల జన్యువులను మరో 3,278 మంది జన్యువులతో పోల్చి చూడగలిగింది. క్రిస్టియానోకు కూడా ఇదే జబ్బు ఉంది. చర్మం గొడవగా కొట్టిపారేసే ఈ జబ్బుకు టైప్ 1 మధుమేహంతో, రుమటాయిడ్ కీళ్లవాతంతో చుట్టరికం ఉందని ఆ పోలికలో బయటపడింది. దాడి చేస్తున్న కణాలేవో, వాటిని రెచ్చగొడుతున్నదేమిటో అర్థం కావడం మొదలైంది. 2014లో అదే యూనివర్సిటీ బృందం, ఆ రెచ్చగొట్టడాన్ని అడ్డుకునే, అప్పటికే వేరే జబ్బుకు వాడుతున్న మందు రుక్సోలిటినిబ్‌ను ముగ్గురు రోగులకు ఇస్తే కొద్ది నెలల్లో జుట్టు తిరిగొచ్చింది. ఆ తర్వాత కంపెనీలు ఇదే కోవ మందులతో పెద్ద ఎత్తున ట్రయల్స్‌కు దిగాయి. 2022 జూన్‌లో బారిసిటినిబ్, 2023 జూన్‌లో 12 ఏళ్లు, ఆపై వయసు వాళ్ల కోసం రిట్లెసిటినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి.

ఇంతటితో పని అయిపోయిందని కాదు. బారిసిటినిబ్ పెద్ద డోసు వాడినా 36 వారాలకు తలలో కనీసం 80 శాతం జుట్టుతో నిండింది నూటికి 35 నుంచి 39 మందికే. మందు ఆపితే చాలామందికి మళ్లీ ఊడుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాల హెచ్చరిక మందుతో పాటే వస్తుంది.

ఇక నా జబ్బు. పేరు లైకెన్ ప్లానోపిలారిస్. మచ్చ కట్టే అలోపీసియాల్లో, అంటే చర్మం మచ్చ కట్టి జుట్టు ఊడే జబ్బుల్లో, ఇదొకటి. పేనుకొరుకుడులో కుదురు పనిచేయడం మానుతుంది గానీ చావదు, ఇందులో చచ్చిపోతుంది. కుదురు పక్కన చిన్న ఉబ్బులాంటి భాగంలో మూలకణాలు ఉంటాయి. వెంట్రుక ఊడినా మళ్లీ మొలిచేది వాటి వల్లే. వాపు సరిగ్గా అక్కడే చేరి వాటిని నాశనం చేస్తుంది. మామూలు తలను, చర్మాన్ని పెద్దగా చూపించే డెర్మోస్కోపుతో చూస్తే ఒక్కో రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు గుత్తిగా వస్తూ కనిపిస్తాయి. నా తలను డాక్టరమ్మ స్క్రీన్ మీద చూపించినప్పుడు, మచ్చ అంచున ఉన్న వెంట్రుకల మొదళ్లకు తెల్లటి పొట్టు గొట్టంలా చుట్టుకుని ఉంది. మచ్చ మధ్యలో అసలు రంధ్రాలే లేవు, నున్నటి చర్మం. అక్కడ ఏం రాసినా మొలవడానికి కుదురంటూ లేదు. అంతకుముందు చూసిన డాక్టరు షాంపూ మార్చమని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపారు. మంట, దురద ఉన్నాయని చెప్పినా తల దగ్గరగా చూడలేదు. ఆ ఆలస్యంలో పోయినవి ఇక రావు.

ఈ మచ్చ కట్టే రకాలకంటూ అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, స్టెరాయిడ్లు, ఇంకా వేరే జబ్బుల మందులు అరువు తెచ్చుకుని వాడుతున్నారు. నుదుటి దగ్గర జుట్టు అంచు వెనక్కి జరిగిపోయే రకాన్ని ఆస్ట్రేలియా డాక్టరు స్టీవెన్ కొసార్డ్ 1994లో మొదటిసారి వర్ణించారు. అప్పటినుంచి కేసులు పెరుగుతూనే ఉన్నాయి, కారణం తేలలేదు. సన్‌స్క్రీన్ మీద అనుమానం ఉంది గానీ రుజువు లేదు. ఆఫ్రికా సంతతి ఆడవాళ్లకు ఎక్కువగా, నడినెత్తిన మొదలయ్యే మరో రకం ఉంది. జుట్టు బిగించి అల్లుకుంటారు, వేడి పెట్టుకుంటారు, అందుకే పోయిందని ఏళ్ల తరబడి వాళ్లనే తప్పుపట్టారు. 2019లో 58 మంది రోగులను పరీక్షిస్తే 14 మందిలో వెంట్రుక నిర్మాణానికి అవసరమైన పీఏడీఐ3 అనే జన్యువులో లోపాలు దొరికాయి. పరీక్షించింది 58 మందినే! తప్పంతా వాళ్ల అలవాట్లదే అన్న మాట చెల్లకుండా పోవడానికి అది సరిపోయింది. రోగులు తక్కువ, లాభం అనుమానం అనుకునే ఇలాంటి చోటికి కంపెనీలు త్వరగా రావు. బయాప్సీ ముక్కలు భద్రపరచాలన్నా, కొత్తగా చేరిన పరిశోధకుడికి రెండేళ్ల జీతం ఇవ్వాలన్నా చిన్న విరాళాలే దిక్కు. పై పాఠకుడికి నా జవాబు ఇదే. ప్రాణాంతక జబ్బులకు ఇచ్చేది తగ్గించమని ఎవరూ అడగడం లేదు. జుట్టు జబ్బులకు ఇచ్చేవాళ్లలో చాలామంది తమ ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లే.

అలాగని స్వచ్ఛంద సంస్థలను ఏమీ అనకూడదని కాదు. విగ్గులు కొనిపెట్టడం మంచి పనే, రేపు ఆఫీసుకు వెళ్లాల్సిన అమ్మాయికి విగ్గే కావాలి. కానీ పరిశోధన పేరుతో వసూలు చేసింది పరిశోధనకే వెళ్లాలి. వార్షిక లెక్కల్లో దానికి వేరే పద్దు ఉండాలి. ప్రాజెక్టులను ఎంపిక చేసింది ఎవరు, వాళ్లకు మందుల కంపెనీలతో లావాదేవీలున్నాయా, ఫలితం రాని ప్రయోగాల సంగతి బయటపెట్టారా అన్నవి దాతలు అడగాలి. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో రోగులను కూడా కూర్చోబెట్టి తేల్చాలి. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతిలో రోగులూ డాక్టర్లూ కలిసి జుట్టు జబ్బుల మీద ముఖ్యమైన ప్రశ్నల జాబితా తయారుచేశారు. కాబట్టి ఇది జరగని పనేం కాదు.

డబ్బు విషయంలో ఇంకో మాట. ఊపిరితిత్తులను దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ మీద అమెరికాలోని ఆ జబ్బు ఫౌండేషన్ విరాళాల సొమ్మును ఒక మందుల కంపెనీ పరిశోధనలో పెట్టింది. మంచి మందు వచ్చింది. ఫౌండేషన్ తన రాయల్టీ హక్కులను 2014లో 330 కోట్ల డాలర్లకు అమ్మింది, ఆ డబ్బు మళ్లీ పరిశోధనకు పనికొచ్చింది. కానీ అప్పట్లో ఆ మందు ధర ఏడాదికి దాదాపు 3 లక్షల డాలర్లు! విరాళమిచ్చిన తల్లే పిల్లాడి మందు కోసం మళ్లీ అంత కట్టాలా అని అక్కడ పెద్ద గొడవే అయింది. జుట్టు జబ్బుల సంస్థలు కంపెనీలతో చేతులు కలిపే ముందే ధర గురించి, రోగుల నమూనాల మీద హక్కుల గురించి ఒప్పందంలో రాయించుకోవాలి. సంతకాలయ్యాక బతిమాలుకుంటే ఎవరూ వినరు.

చివరిగా మీకే ఒక విన్నపం. జుట్టు మొలిపిస్తామనే ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తున్నాయి, వాటిని ఆపమని అడిగే అమాయకురాలిని కాను. జుట్టు ఊడే చోట మంట, నొప్పి, దురద ఉంటే, చర్మం నున్నగా మారుతుంటే నూనెలతో కాలం గడపకుండా చర్మవ్యాధుల నిపుణుల దగ్గరకు వెళ్లి, అవసరమైతే బయాప్సీ చేయించుకోవాలని మీ ఆరోగ్య పేజీలో ఒక్కసారైనా వివరంగా రాయించండి. వీలైతే అలాంటి ప్రకటన పడిన రోజే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు